మాణిక్యాంబ, పాముపిల్ల, తోకలేని బల్లి

మాణిక్యాంబ మా ఇంట్లోకి పామును తెచ్చిన రోజు నేను ఉపవాసంలో ఉన్నాను. లేకపోతే నా నోటి నుంచి వచ్చే మాటలు వేరేగా ఉండేవి. రోజాలో ఉండి ఎవర్నీ తిట్టకూడదు కదా, అందుకని పళ్ళు బిగబట్టి ఒక్కటే అడిగాను.

"అక్కా, ఏందది?"

"పామండి," అంది, అదేదో టమాటాల సంచీ అయినట్టు. "చిన్నదేనండి. పిల్ల."

అది 2006 రంజాన్ రెండో వారం. షార్జాలో, అల్ నహ్దాలో మాది రెండు గదుల ఫ్లాట్. ఒక గదిలో నేను, మా ఆయన షాహుల్. మేం నెల్లూరు వాళ్ళం. ఆయన లాండ్రీ వ్యాను నడుపుతాడు, నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని ఆడవాళ్ళ బట్టలు కుడతాను. రెండో గది మా దగ్గర అద్దెకుండే మాణిక్యాంబది. ఫ్లాట్ మా పేరు మీద ఉంది కాబట్టి పెత్తనం నాది, నిబంధనలు నావి. మూడే మూడు. ఒకటి, బాత్రూములో పది నిమిషాలు దాటకూడదు. రెండు, నా మిషను చప్పుడు గురించి గొణగకూడదు. మూడు, వంటింట్లో ఎండుచేపలు వండకూడదు. ఆ వాసన పెళ్ళి బట్టలకు పట్టిందంటే గిరాకీలు వాటిని నా ముఖాన విసిరికొడతారు. మూడేళ్ళలో మాణిక్యాంబ ఒక్కసారి కూడా ఈ మూడింటికి ఎదురు చెప్పలేదు. పాముల గురించి ఒక నిబంధన పెట్టాలని నాకు తట్టనే లేదు.

పెట్టె పారదర్శకంగా ఉంది, మూతకు కన్నాలు. లోపల కాగితం ముక్కలు, బోర్లించిన చిన్న మట్టి మూకుడు, నీళ్ళ గిన్నె. మూకుడు కింద నుంచి ఒక తల బయటికి వచ్చింది. నా చిటికెన వేలి గోరంత ఉంది. ఒళ్ళు పెన్సిలు కంటే సన్నం. నారింజ రంగు మీద ఎర్ర మచ్చలు. అందంగా ఉందని ఆ క్షణంలోనే అనిపించింది, కానీ ఆ మాట నేను బయటికి అనలేదు.

"టీచరమ్మ గారి అమ్మకి బాలేదంటండి. రెండు వారాలు వాళ్ళ దేశం ఎళ్ళిపోయింది. దీన్ని చూసేవోళ్ళు లేరు. గుడ్డులోంచి వచ్చి నెల దాటిందంట, ఇప్పటిదాకా ఏటీ ముట్టలేదంటండి. ఏడుస్తా చేతిలో పెట్టింది. ఎలా కాదంటాను?"

టీచరమ్మ అంటే హెలెన్ అని ఇంగ్లీషు స్కూల్లో పాఠాలు చెప్పే తెల్లావిడ. మాణిక్యాంబ పని చేసే నాలుగిళ్ళలో అదొకటి. నిరుడు మాణిక్యాంబకు జ్వరం వస్తే ఆవిడ స్వయంగా కారులో వచ్చి, మా హాల్లో చాప మీద కూర్చుని ఆమెకు సూపు తాగించి వెళ్ళింది. ఆ రుణం సంగతి నాకూ తెలుసు. అయినా పాము పామే.

"శనివారం పొద్దున జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలండి. ఈలోగా తింటే సరే. తినకపోతే గొట్టం పెట్టి లోపలికి ఎక్కిస్తారంట. ఇంత పిల్ల కదా, గొట్టం పెడితే బతికేది సగం, పోయేది సగం అన్నాడంట డాక్టరు."

"శుక్రవారం రాత్రి లోపల ఇది ఇల్లు దాటాల. చెప్తుండా. ఖలాస్," అన్నాను.

ఇక్కడ మాణిక్యాంబ గురించి నాలుగు మాటలు చెప్పాలి. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి, గట్టి, నడిస్తే పరుగెత్తినట్టే. నరసాపురం దగ్గర లంక ఊరు. మొగుడు చిన్న వయసులోనే పోతే, తొంభై మూడులో రస్ అల్ ఖైమాలో ఒక అరబ్బుల ఇంటికి పిల్లల్ని చూసే పనికి వచ్చింది. ఆ ఇంట్లో ఏడుగురు పిల్లలు ఆమె చేతి ముద్దలు తిని పెరిగారు. వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక ఆ ఇంటి యజమాని కఫీలుగా ఇచ్చిన వీసా మీద షార్జా వచ్చి ఇళ్ళల్లో పని చేసుకుంటోంది. "నా చేతి కింద ఉన్న పిల్ల ఏదీ ఖాళీ కడుపుతో పడుకోలేదండి" అనేది ఆమె ఊతపదం. ఆ మాట అన్నప్పుడు ఆమె ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

పాములంటే ఆమెకు భయమే. కానీ అసలు పడనివి బల్లులు. బల్లి మీద పడితే తలంటుకోవాలి, దీపం పెట్టాలి. ఎక్కడ పడితే ఏం ఫలితమో చూడటానికి ఊరి నుంచి తెచ్చిన క్యాలెండరు గోడకు తగిలించి ఉండేది. సెలవుకు వెళ్ళి వచ్చినప్పుడల్లా నెమలి ఈకల కట్ట తెచ్చి వంటింట్లో ట్యూబులైటు పక్కన, బాత్రూము తలుపు మీద, హాల్లో గడియారం వెనక గుచ్చేది. నెమలి ఈక ఉన్న చోటికి బల్లి రాదని నమ్మకం. ఈకల మహిమో, ఆమె చీపురు మహిమో గాని మా ఫ్లాట్‌లో బల్లి కనబడి రెండేళ్ళయింది. పక్క ఫ్లాట్ల వాళ్ళు కూడా అడిగి తలా రెండు ఈకలు పట్టుకెళ్ళారు. మా బిల్డింగులో మాణిక్యాంబ పేరు తెలియని వాళ్ళకు కూడా "ఆ బల్లుల ఆంటీ" అంటే తెలిసేది.

మొదటి రోజే నా ఫ్రిజ్ దగ్గర గొడవైంది. ఇఫ్తార్‌కని సమోసాలు చుట్టి గడ్డకట్టించి పెట్టుకున్నాను. వాటి పక్కన ఒక నల్ల కవరు. విప్పితే గులాబీ రంగు చుంచుపిల్లలు, వెంట్రుకలు కూడా రానివి, రాయిలా బిగుసుకుని ఉన్నాయి. పాము తిండి. నేను వేసిన కేకకు షాహుల్ గడ్డం గీసుకుంటూ సబ్బు నురుగుతోనే పరుగెత్తుకొచ్చాడు. చివరికి ఆ కవరు మూడు కవర్లలో చుట్టి, ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి, మూత మీద నా చేత్తోనే "ఇది మనుషులది కాదు" అని రాశాను.

ఆ తర్వాత మాణిక్యాంబ పని చూడాలి! పొద్దున నాలుగిళ్ళూ తుడిచి వచ్చి, చీర కొంగు బిగించి, చుంచుపిల్లను వేడినీళ్ళలో పెట్టి మెత్తబరిచేది. కనుబొమలు తీసుకునే నా చిన్న పట్కారుతో పట్టుకుని పాము ముందు ఆడించేది. ఆ పట్కారు సంగతి నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది, అది వేరే గొడవ. "తిను నాన్నా. ఒక్క ముద్ద. మా బంగారం కదూ" అని బతిమాలేది. పాము తల తిప్పుకునేది. పక్కకు జరిగేది. మూకుడు కిందికి దూరేది. అరగంటకోసారి ఈమె మూకుడు ఎత్తి చూసేది. "పడుకున్నావా? ఆకలేస్తోందా?" మళ్ళీ మూసేది, మళ్ళీ ఎత్తేది.

"రంజాన్ నెల కదా, అదీ రోజా పట్టిందేమో," అని షాహుల్ నవ్వాడు.

"మీ రోజాకి సాయంత్రం ఒకటుందండి బాబూ. దీనికేదీ?" అంది మాణిక్యాంబ.

గురువారానికి పాము ఒంటి మీద మడతలు వచ్చాయి. వెన్ను గీతలా పైకి తేలింది. ఆ సాయంత్రం టీచరు ఫోన్ చేసింది. ఆవిడ గొంతు ఇటు నాకు కూడా వినబడుతోంది. తల్లి ఆస్పత్రిలో ఉంది, అయినా పాము గురించి అడుగుతోంది. మాణిక్యాంబ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా అరిచింది. "మేడం, యూ నో క్రై! మై హ్యాండ్, నో బేబీ హంగ్రీ! హి ఈట్! ప్రామిస్!"

ఫోన్ పెట్టేశాక ఆమె మొహం చూశాను. మాట ఇచ్చేసింది, ఎలా నిలబెట్టుకోవాలో తెలియదు. పెట్టె పక్కన నేల మీద కూర్చుండిపోయింది. నేను ఆమెను ఎప్పుడూ అలా ఊరికే కూర్చుని ఉండగా చూడలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "ఏందక్కా అట్ట కూర్చుంటివి? రేపు శుక్రవారం, ఆయనకు సెలవు. పక్షుల మార్కెట్‌కి పోదాం. యాడో ఒకడికి తెలిసే ఉంటాది," అన్నాను. ఇల్లు దాటించమన్న మనిషిని నేనే కదా! నా నోరు నా మాట వినలేదు.

శుక్రవారం ఉదయం లాండ్రీ వ్యానులో, ఇస్త్రీ బట్టల వాసన మధ్య, ముగ్గురం పామును ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాం. మార్కెట్‌లో చిలకలు, పావురాలు, కుందేళ్ళు, ఒకటే గోల. పాములున్న దుకాణం ఒకటే ఉంది. అందులో పని చేసేవాడు హిదాయతుల్లా, రాయచోటి మనిషి. తెలుగు వినగానే వాడి మొహం విప్పారింది. పెట్టె ఎత్తి వెలుగులో పెట్టి చూశాడు.

"దీన్ని ఊరికే ఎత్తి ఎత్తి సూస్తాండారా?"

మాణిక్యాంబ తల వంచుకుంది. "అరగంటకోసారండి."

"అదొక తప్పు. భయపడిన పాము నోరు తెరవదు. ఇంగోటి, ఇది అమెరికా జాతి. వాళ్ళ దేశంలో ఇంతింత పిల్లలు ఎలుకల జోలికి పోవు. బల్లుల్ని తింటాయి. ఎలుక అంటే తిండి అని దీనికి తెలీదక్కా. ఆకలి ఉండాది, ఎదురుగా తిండీ ఉండాది, కానీ ఆ వాసన దీనిది కాదు. యాడి నుంచి తింటాది?"

"మరేం చెయ్యాలండి?"

"చుంచుపిల్లకు బల్లిని రుద్దు. తోక దొరికినా సాలు, బాగా రుద్దు. మూతి దగ్గర ఇంగా ఎక్కువ రుద్దు. బల్లిని మాత్రం తినిపించగాకు, గోడల మీదివాటిల్లో ఏం రోగాలుంటాయో. వాసన సాలు. చిన్న డబ్బాలో రెండిట్నీ పెట్టి, గుడ్డ కప్పి, సీకట్లో పెట్టి పో. సాయంత్రం దాకా సూడొద్దు. వల్లా, సూడనే వద్దు!"

నేను మొహం చిట్లించాను. చచ్చిన చుంచుకు బల్లి తోక రుద్దడమా! కానీ మాణిక్యాంబ మొహంలో ఏదో వెలిగింది. నోరు సగం తెరిచి వాడినే చూస్తోంది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని లాగింది.

"పదండి పర్వీనమ్మా! యల్లా, యల్లా! ఇది నాకు తెలిసిన జబ్బేనండి!"

"మాకో బల్లి అమ్ముతావా?" అని షాహుల్ వెనక్కి తిరిగి హిదాయతుల్లాను అడిగాడు.

"సింహాన్ని అడిగినా తెప్పిస్తారేమో గానీ, బల్లిని అమ్మే అంగడి దుబాయ్ మొత్తంలో లేదు భయ్యా," అని వాడు పకపకా నవ్వాడు.

షాహుల్ మమ్మల్ని ఇంటి దగ్గర దింపి జుమా నమాజుకు వెళ్ళాడు. మేం పైకి పరుగెత్తాం. వంటింట్లో ట్యూబులైటు వెనక చూశాం. లేదు. బాత్రూములో లేదు. అల్మారా వెనక లేదు. ఎక్కడ చూసినా నెమలి ఈకలు మమ్మల్నే చూస్తున్నాయి. పక్క ఫ్లాట్ తలుపు కొట్టాం. లేదు, "మీరు ఇచ్చిన ఈకలు భలే పని చేశాయి ఆంటీ" అన్నారు. ఆ పై ఫ్లాట్‌లోనూ అదే మాట, పైగా థాంక్స్. మాణిక్యాంబ మెట్ల మీద నిలబడి నెత్తి కొట్టుకుంది. రెండేళ్ళు ఊరందరికీ పంచిపెట్టిన గొప్పతనం ఇవాళ ఆమె మెడకే చుట్టుకుంది. నాకు నవ్వాగలేదు, ఆమెకు ఏడుపాగలేదు.

కింద మా బిల్డింగు కాపలా చూసే నాతూరు హన్మంతు కుర్చీలో కునుకు తీస్తున్నాడు. కరీంనగర్ వైపు మనిషి. విషయం చెబితే లేచి నిలబడ్డాడు.

"గిదేందమ్మా! బల్లిని ఎల్లగొట్టుమంటె ఎల్లగొడ్త. పట్టియ్యుమని నన్ను ఇప్పటిదాంక ఎవ్వలడగలె. మీరే గద బిల్డింగు మొత్తం ఈకలు పంచిన్రు, ఇగ యాడుంటయి?" గడ్డం గోక్కున్నాడు. "ఒక్క తాన ఉంటది. మోటరు రూముల. ఆడికి నీ ఈక రాలె."

నీళ్ళ మోటరు గది కొలిమిలా ఉంది. హన్మంతు టార్చి, మాణిక్యాంబ చేతిలో చీపురు, నా చేతిలో పిండి జల్లెడ. మీటరు పెట్టె వెనక టార్చి వేయగానే రెండు కళ్ళు మెరిశాయి. మంచి లావుపాటి బల్లి. నిద్రపోయే బిడ్డను చూసినట్టు మాణిక్యాంబ గొంతు తగ్గించింది. "ఉంది... ఉంది... కదలకండి."

"నువ్వు కొట్టాకు అక్కా, తోలు. నేను జల్లెడ వేస్తా."

ఆమె చీపురుతో మెల్లగా తట్టింది. బల్లి గోడ వెంట సర్రున పాకింది. నేను జల్లెడ వేశాను, గోడకు తగిలి ఠంగుమంది. అది పైకి పోయింది, పైపు మీదుగా ఇటు తిరిగింది, అక్కడి నుంచి ఎగిరి సరాసరి నా భుజం మీద పడింది. నేను పెట్టిన కేక బహుశా మసీదు దాకా వినబడి ఉంటుంది. జుమా ముగించుకుని వస్తున్న ముగ్గురు మగవాళ్ళు తలుపు దగ్గర ఆగి, జల్లెడతో గంతులేస్తున్న నన్ను చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు. బల్లి నా చేతి మీదుగా జారి నేల మీదికి దూకింది. మాణిక్యాంబ చీపురు పిడి దాని వెనకే పడింది. బల్లి పంపు కిందికి మాయమైంది. నేల మీద మిగిలింది తోక. ఒంటరిగా, బతికున్నట్టు మెలికలు తిరుగుతోంది.

బల్లి తగిలితే తలంటుకునే మాణిక్యాంబ ఆ తోక మీదికి దూకింది. ఉత్తి చేత్తో పట్టుకుంది! గుప్పెట్లో అది కొట్టుకుంటుంటే చెయ్యి పైకెత్తి, పండగ నాటి పిల్లలా గంతులేసింది.

"దొరికిందండీ! దొరికింది!"

"భుజం మీద వడ్డది గద అమ్మా, కుడిదా, ఎడమదా?" హన్మంతుకు ఆత్రం పట్టలేదు. "ఆడోల్లకైతె గదేందో మంచిదే రాసి ఉంటది. క్యాలెండర్ల సూడాలె."

"ఫలితం సాయంత్రానికి తెలుస్తాది బాబూ," అంటూ మాణిక్యాంబ అప్పటికే మెట్లెక్కేస్తోంది.

చుంచుపిల్లకు తోకను రుద్దింది. వీపు, పొట్ట, మూతి, మళ్ళీ మూతి. ఉప్పు కారం పట్టించేటప్పుడు ఎంత శ్రద్ధగా రుద్దుతామో అంత శ్రద్ధగా. కన్నాలు పెట్టిన హల్వా డబ్బాలో దాన్ని, పక్కన పామును పెట్టి మూత వేసింది. తువ్వాలు కప్పి తన మంచం కిందికి తోసింది. గది తలుపు మూశాం. నేను తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను, పామును కాయడానికి కాదు, ఈమెను కాయడానికి.

"ఒక్కసారి..." అంది పది నిమిషాలకే.

"అక్కా!"

"చూడనండి. తలుపు దగ్గర చెవి పెడతానంతే."

"పామేమన్నా మాట్లాడతాదా? రా, సమోసాలు చుట్టు."

సమోసాలు చుడుతూ కూర్చున్నాం. ఆమె చేతులు ఆగలేదు, కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. "తెలిసిన జబ్బు అంటివే, ఏందది?" అని అడిగాను.

"తొంబైమూడులో రస్ అల్ ఖైమాలో దిగేనండి. పెద్ద ఇల్లు. పళ్ళేల నిండా మాంసం, అన్నం. వాళ్ళు పాపం మంచోళ్ళే, తినమ్మా తినమ్మా అనేవోరు. నాకు దిగేది కాదు. ఆకలి లేక కాదండి. నోటి దాకా వెళ్ళేసరికి ఆ వాసనకి నోరు మూసుకుపోయేది. ఖబూస్ రొట్టె నీళ్ళల్లో ముంచి మింగేదాన్ని, అదీ కక్కేసేదాన్ని. పదకొండు రోజులండి. ఆస్పత్రిలో సెలైను ఎక్కించేరు. ఇంటి బెంగ అనుకున్నారు. కఫీలు ఇక టికెట్ తీసి పంపించేద్దామన్నాడు. ఏ మొహం పెట్టుకుని ఎళ్ళను?"

పిండి అంచులు నొక్కి ఆ సమోసాను పళ్ళెంలో పెట్టింది.

"ఆ ఇంట్లో ముసలావిడ ఉండేదండి, కఫీలు తల్లి, మామా అనేవోరు. కళ్ళు మసక. ఆవిడ కొట్టుగదిలో గోనె నిండా ఎండబెట్టిన చిన్న చేపలుండేవి. అచ్చం మన మెత్తళ్ళే. తుడవడానికని ఎళ్ళి నేనక్కడే నిలబడిపోయేదాన్ని. ఊపిరి పీల్చుకునేదాన్నంతే. ఆ మసక కళ్ళతోనే కనిపెట్టేసింది. నన్నేటీ అడగలేదు. మర్నాడు గుప్పెడు చేపలు నలిపి నా అన్నం మీద చల్లి, పళ్ళెం నా ముందు పెట్టి, అటు తిరిగి ఎళ్ళిపోయింది. కూర్చుని నన్నే చూస్తా ఉంటే తినేదాన్ని కాదు. అటు తిరిగి ఎళ్ళింది చూడండి, దానికి తిన్నాను. పళ్ళెం నాకేశానండి. అది కడుపు నింపుతాదని నా ముక్కుకి తెలియాలి కదా ముందు."

వంటింటి తలుపు నాకు ఎదురుగానే ఉంది. మూడేళ్ళుగా ఆ తలుపు మీద కనబడకుండా రాసి ఉన్న నా మూడో నిబంధన, ఎండుచేపలది, ఆ రోజే నాకు మొదటిసారి కనబడింది. ఈ మనిషి ఒక్కసారైనా "నాకు కావాలి" అనలేదు. నేను అడగనూ లేదు. నాకు చాలా సిగ్గేసింది. "పొయ్యి మీద నూనె పెట్టు" అన్నాను.

అజాన్ అయింది. షాహుల్, నేను ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాం. హన్మంతు కూడా ఫలితం తెలుసుకోవాలని పైకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేలోపు మాణిక్యాంబ గది తలుపు తీసింది. మంచం కింద నుంచి డబ్బా లాగింది. తువ్వాలు తీయలేకపోయింది. డబ్బాను నా వైపు తోసింది.

"మీరు తియ్యండి పర్వీనమ్మా. నా వల్ల కాదు."

నేను తీశాను. మూత ఒక అంచు ఎత్తాను. పాము ఒక మూల చుట్ట చుట్టుకుని ఉంది. చుంచుపిల్ల కనబడలేదు. కాగితం తిరగేశాం. లేదు. మాణిక్యాంబ డబ్బాను దీపం వైపు ఎత్తింది. ఆ పెన్సిలు ఒంటికి సరిగ్గా మధ్యలో ఒక బుడిపె. చిక్కుడు గింజంత, గుండ్రంగా, గర్వంగా.

"తినేసింది!"

ఎవరు అరిచామో తెలియదు, అందరం అరిచాం. షాహుల్ "మాషా అల్లా" అని చప్పట్లు కొట్టాడు. హన్మంతు "నేను జెప్పలె? భుజం మీద వడ్డదంటె లాభమే!" అని అప్పుడే కనిపెట్టినట్టు చెప్పాడు. మాణిక్యాంబ నన్ను పట్టుకుని ఊపేసింది, వదిలేసి పామును చూసింది, మళ్ళీ నన్ను పట్టుకుంది. తర్వాత ఫోన్ దగ్గరికి పరుగెత్తింది. "మేడం! ఈట్! ఈట్! ఫుల్ స్టమక్!" అవతల టీచరు ఏడుస్తూ నవ్వుతోంది. నేను కూడా ఏడ్చాను, దాచడమెందుకు? పొద్దుటి నుంచి ఏమీ తినని కడుపు, బల్లి దూకిన భుజం, అన్నీ కలిసి నన్ను పట్టి కుదిపేశాయి.

శనివారం డాక్టరు దగ్గరికి వెళ్ళాం గానీ గొట్టం అక్కర్లేదన్నాడు. ఐదు రోజుల తర్వాత రెండో చుంచుపిల్లకు, ఆ ఐస్‌క్రీమ్ డబ్బాలోనే దాచిన తోకను తీసి కొంచెమే రుద్దింది. పాము తినేసింది. మూడోది పెట్టిన రోజు టీచరు ఊరి నుంచి వస్తానని కబురు పంపింది. ఆ వేళ మాణిక్యాంబ తోకను చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. తర్వాత రుద్దకుండా పక్కన పెట్టేసింది. ఉత్త చుంచుపిల్లను డబ్బాలో పెట్టి, మూత వేసి, వెనక్కి చూడకుండా వంటింట్లోకి వచ్చేసింది. సాయంత్రానికి అది కూడా లేదు.

"ఇక బల్లి అక్కర్లేదండి దీనికి," అంది. సంతోషమే, కానీ గొంతులో ఇంకేదో కూడా ఉంది. "అలవాటు పడిపోద్ది. నేనూ రెండు నెలలకి పడిపోయాను."

మర్నాడు టీచరు వచ్చి పెట్టె తీసుకుని, మాణిక్యాంబను గట్టిగా కావలించుకుని వెళ్ళింది. గది బోసిపోయింది. మాణిక్యాంబ పెట్టె ఉన్న చోట రెండుసార్లు తుడిచింది.

నేను చీర అంచు కుట్టడం మధ్యలో ఆపి, బురఖా వేసుకుని చేపల మార్కెట్ దాకా నడిచి వెళ్ళాను. మధ్యాహ్నం ఎండ, ఉపవాసం, మండిపోతోంది. తిరిగి వచ్చి కుట్టి పెట్టిన బట్టలన్నీ మూటగట్టి నా గదిలో పెట్టి తలుపు మూశాను. మళ్ళీ ఎప్పుడు బల్లితో పని పడుతుందో అని వంటింట్లో ట్యూబులైటు పక్కనున్న నెమలి ఈకను పీకి పక్కన పెట్టాను. ఆ తర్వాత మాణిక్యాంబను పిలిచి ఆమె చేతిలో పొట్లం పెట్టాను.

విప్పింది. ఎండు మెత్తళ్ళు. ఒక అరకిలో ఉంటాయి. ముక్కు దగ్గర పెట్టుకోలేదు, అక్కర్లేదు, ఇల్లంతా అప్పుడే నిండిపోయింది. పొట్లం అంచులు మళ్ళీ మడిచింది. ఆ తర్వాత ఎప్పటిలాగే మొదట నా గురించే ఆలోచించింది.

"మీరు రోజాలో ఉన్నారు కదండి. వాసనొస్తాది."

"రానీలే అక్కా," అని అటు తిరిగి వచ్చేశాను.